దుందుభిలో దింపిన బండ్లు

ఎద్దులబండిని వాగులో దింపేది మురికి పోవడానికే అనుకుంటారు బయటినుంచి చూసినవాళ్ళు. మురికి సాకు మాత్రమే. అసలు అవసరం చెక్కది. పాలమూరు ఎండలకు నల్లతుమ్మ గీరె, అంటే బండిచక్రం, ఎండిపోతుంది. ఆకులు, వాటిని కలిపి పట్టుకునే అంచుచెక్కలు కొంచెం కొంచెంగా సన్నబడతాయి. చుట్టూ బిగించిన ఇనుప పట్టా మాత్రం అదే ఎండకు కాగి ఇంకాస్త సాగుతుంది. రెంటి మధ్య వేలిగోరు దూరేంత సందు వచ్చిందంటే ఏదో ఒకరోజు రాళ్ళబాటలో పట్టా ఊడి దొర్లుకుంటూ పోతుంది. అప్పటికి బండిమీద బస్తాలుంటాయి, ఊరు ఇంకా దూరం ఉంటుంది. అందుకే వీలు చిక్కినప్పుడల్లా బండిని నీళ్ళలోకి తోలి ఒక పూటంతా నిలబెట్టేవాళ్ళు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బి పట్టాను లోపలినుంచి బిగబట్టేది. "గీరెకు దూపైతది రా, దానికి సుత తాపాలె" అనేవాడు మా నాయిన.

మా ఉప్పునుంతల వైపు ఆ నీళ్ళు దుందుభివి. పటాల్లో డిండి అని ఉండేది అదే. మా మండలాన్ని ఒరుసుకుంటూ పోయి, గుండ్లపల్లి దగ్గర నిజాం కాలంలో కట్టిన డిండి జలాశయంలో చేరి, ఆ తర్వాత కృష్ణలో కలుస్తుంది. నది అని గౌరవంగా అంటాంగానీ మాకది వాగే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపించేది. వానలు పడ్డ నాలుగు నెలలు పారేది, ఆ తర్వాత మడుగులు మిగిలేవి, మడుగులు ఇంకినాక చెలిమెలు. మడుగు ఎండిన కాలంలో గీరెలకు తడి గోనెసంచులు చుట్టి చెట్టుకింద పెట్టేవాళ్ళు. అదీ లేకపోతే ఇసుక తవ్వి, నీటి ఊట తగిలేదాకా దించి, గీరెను అందులో పడుకోబెట్టి మళ్ళీ ఇసుక కప్పేవాళ్ళు.

వాగులో ఎక్కడ ఏ పని చెయ్యాలో ఎవరూ రాసిపెట్టలేదు. తాగేనీళ్ళ చెలిమెలు పైన. వాటికి దిగువన బట్టల బండలు, ఇంకా కిందికి గొడ్లు, అన్నిటికంటే అడుగున బండ్లు. పైపక్కకు బండి తోలినవాడికి ఆడవాళ్ళ తిట్లు ఎలా పడేవో చెప్పను, అచ్చులో పెట్టే మాటలు కావు. పైన చెలిమెల్లోనూ ఎవరి చెలిమె వాళ్ళదే, కులాన్నిబట్టి. ఆ కాలాన్ని తలుచుకుంటే మనసు తీపెక్కుతుంది కాబట్టి ఈ మాట ఇక్కడే చెప్పి ముందుకు పోతాను. బండ్లు కడిగే చోట మాత్రం ఆ గీతలు కొంత చెరిగేవి. పిల్లల చేతులు ఎన్ని ఉంటే అంత తొందరగా పని తీరేది, ఎవరి పిల్లలని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

ముందు ఎడ్లు. వరిగడ్డి చేతికి చుట్టి తుట్ట చేసి, మూపురం దగ్గర మొదలుపెట్టి తోకదాకా రుద్దాలి. కాడి ఒరుసుకున్న మెడదగ్గర మెల్లగా. ఎడ్లు ఒడ్డెక్కినాక బండి. మోకాళ్ళలోతు నీళ్ళలో గీరెకో ఇద్దరం నిలబడి, తడి ఇసుక పిడికిట పట్టి పట్టాను తోమితే తుప్పు పోయి అద్దంలా తేలేది. ఆకుల సందుల్లో గట్టిపడ్డ రేగడి పుల్లతో గీకితే తప్ప రాదు. మా చెల్కల ఎర్రమట్టి అంత మొండిది కాదు, నాలుగు చెంబుల నీళ్ళకే కారిపోయేది. గీరెకు పట్టిన మట్టి చూసి బండి ఎటుపోయి వచ్చిందో చెప్పేవాళ్ళుండేవాళ్ళు. నల్లరేగడి అయితే పొరుగూరికి పత్తికో జొన్నకో పోయినట్టు, సన్న ఇసుక అయితే వాగు దాటినట్టు.

కూలి ఏమిటంటే, తిరుగుప్రయాణం. ఊరిదాకా తడి బండిమీద కూర్చుని రావడం. ఒక్కోసారి పగ్గాలు చేతికిచ్చేవాళ్ళు. బండి ఎవరింటిదో వాళ్ళదే. కడగడానికి మాత్రం వాడకట్టు పోరగాళ్ళందరికీ హక్కు ఉండేది, కడిగినవాడికి ఎక్కే హక్కు దానంతటదే వచ్చేది. బండి లేని ఇంటి పిల్లవాడు కూడా ఇరుసు ఎట్లా తిరుగుతుందో, శీల ఎక్కడ పడుతుందో, నొగ ఎక్కడ విరిగే వీలుందో తెలుసుకున్నది ఈ దారినే. నా లెక్కలో ఆ తర్వాత మా ఊళ్ళకు వచ్చిన ప్రతి బండికీ, అది సైకిలైనా ట్రాక్టరైనా, కొన్నాళ్ళు ఇదే కట్టుబాటు నడిచింది. అది ఎప్పుడు తెగిపోయిందన్నదే నాకు ఆసక్తి.

బండి ఆరినాక కందెన. మా దిక్కు ఎర్రనేలల్లో ఆముదాలు విరివిగా పండేవి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఆ పంటకు పేరుపడ్డది. గింజలు వేయించి, దంచి, ఉడకబెట్టి ఇంట్లోనే నూనె తీసేవాళ్ళు. తేటనూనె తలకు, దీపానికి, బాలింతకు. అడుగున మిగిలిన మడ్డినూనెలో గడ్డి కాల్చిన మసి కలిపితే కందెన. దాన్ని వెదురుగొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవాళ్ళు. శీల తీసి, గీరెను కొంచెం బయటికి లాగి, ఇరుసుకు పూసి, మళ్ళీ నెట్టాలి. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లలో పోసింది కూడా ఆముదమేనని పెద్దయినాక చదివినప్పుడు నాకు పెద్దగా వింత అనిపించలేదు. వేడెక్కినా పలచబడిపోని నూనె అది, పెట్రోలులో తొందరగా కరగదు. మా ఇరుసుకు పెట్రోలు బాధ లేదు గానీ ఎండ బాధ ఉండేది. ఆ మసికందెన అంగీకి అంటితే మాత్రం ఇక అంగీ పోయినట్టే. 501 సబ్బుబిళ్ళ అరిగిపోయేదిగానీ మరక కదిలేది కాదు. అవ్వ ఆ అంగీని పొయ్యిదగ్గర మసిగుడ్డకు పెట్టేది, పెట్టే ముందు మా వీపుకు రెండు పెట్టేది.

సైకిలు వచ్చినాక నియమం తిరగబడింది. బండికి నీళ్ళు ప్రాణం, సైకిలుకు నీళ్ళే శత్రువు. పెద్దవాళ్ళకు ఇది తొందరగా తలకెక్కలేదు. వాగులోకి సైకిలును కూడా ఎడ్లతోపాటు దింపి, గడ్డితుట్టతో రుద్ది, ఇంటికి తెచ్చి గోడకు ఆనిస్తే తెల్లారేసరికి గొలుసు ఎర్రగా అయ్యేది. హబ్బులో నీళ్ళు చేరి గోళీలు పట్టేసేవి. ఇనుమును కడగడం వేరు, తుడవడం వేరు అని మాకు నేర్పింది కిరాయి సైకిళ్ళ దుకాణం.

ఆ దుకాణం సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. 1980ల్లో మండల కేంద్రాల్లో, పెద్ద ఊళ్ళలో ఇట్లాంటివి ఒకటైనా ఉండేవి. గంటకు ఇంతని కిరాయి. గోడకు వరుసగా అట్లాస్, హెర్క్యులిస్, హీరో సైకిళ్ళు, వెనుక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబర్లు. పిల్లల కోసం రెండు చిన్నవి. వాటికోసం బడి విడిచినాక వరుస కట్టేవాళ్ళం. చేతిలో పైసలు లేని రోజులే ఎక్కువ. వారంలో ఒకరోజు దుకాణపాయన సైకిళ్ళన్నీ బయట పరిచి తుడిపించేవాడు. తుడిచినవాడికి అరగంట చిన్న సైకిలు ఊరికే. రెండు సైకిళ్ళు తుడిస్తే అరగంట, అట్లా ఆయన లెక్కలు ఆయనవి. బేరం చేస్తే "మీ తాత దుకాణమా?" అనేవాడుగానీ చివరికి ఒప్పుకునేవాడు.

తుడవడానికి ఒక వరస ఉంది. ముందు పొడి గుడ్డ, దుమ్మంతా దులపాలి. తడి గుడ్డ ముందే వేస్తే దుమ్ములోని ఇసుక రంగును గీకేస్తుంది. తర్వాత గ్యాసునూనెలో ముంచిన బ్రష్షుతో గొలుసు, పళ్ళచక్రం. బ్రష్షు అంటే ఇంట్లో అరిగిపోయిన పళ్ళ బ్రష్షే. ఆ తర్వాత ఆకులు, అంటే స్పోకులు, ఒక్కొక్కటి బొటనవేలు చూపుడువేలు మధ్య గుడ్డ పట్టి కిందినుంచి మీదికి. రిమ్ముకు, హ్యాండిలుకు కొబ్బరినూనె చుక్క. ఎక్కువ పడితే దుమ్ము అంటుకుంటుందని మళ్ళీ తుడిపించేవాడు. హబ్బుకు మాత్రం మా అవసరం లేదు. రంగురంగుల నూలుకుచ్చుల చుట్ట ఒకటి హబ్బుమీద వదులుగా ఉండేది, సైకిలు తిరిగినంతసేపు అదే దాన్ని తుడుస్తూ మెరిపించేది. అంత తెలివైన వస్తువు ఎవరు కనిపెట్టారోగానీ, ఇప్పటి కార్లకు వేలు పోసి చేయిస్తున్న పూతలు చూసినప్పుడల్లా నాకు ఆ కుచ్చులు గుర్తొస్తాయి.

ఏడాదికొకసారి ఓవరాయిలింగ్. సైకిలు మొత్తం విప్పేవాళ్ళు. కప్పులు, కోన్లు, గోళీలు ఒక అల్యూమినియం తట్టలో గ్యాసునూనెలో నానేవి. గోళీలు లెక్కపెట్టి వేసి, లెక్కపెట్టి తీయాలి. ఒకటి తగ్గిందంటే దుకాణం ముందు మట్టంతా జల్లించాల్సిందే. కడిగిన గోళీని వెలుతురుకు పట్టి చూపించేవాడు దుకాణపాయన. మీద సన్నని గుంట కనిపిస్తే పక్కన పడెయ్యమనేవాడు. కడగడమంటే మెరిపించడం కాదు, అరిగినదాన్ని కనిపెట్టడం అని ఆ తట్టముందు కూర్చున్నప్పుడే తెలిసింది. మా జతగాళ్ళలో తర్వాత మెకానిక్కులైనవాళ్ళు కొందరు చదివిన ఐటీఐ అదొక్కటే.

అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న పని ఆపేసింది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజు. మా దుకాణం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే సెల్‌ఫోన్ రీచార్జి దుకాణం అయిపోయింది కాబట్టి ఆ వార్త మా దగ్గర ఎవరినీ కదిలించలేదు.

స్కూటర్లు, మోటార్‌సైకిళ్ళ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మా చిన్నతనంలో అవి ఉద్యోగస్తులవి. పంతుళ్ళవి లూనాలు, ఆఫీసువాళ్ళవి చేతక్‌లు, ఎవరిదో ఒక హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్, అక్కడక్కడ పాలమ్మేవాళ్ళ రాజ్‌దూత్. వాటిని పిల్లల చేత కడిగించడానికి యజమానులు భయపడేవాళ్ళు, న్యాయమే. చేతక్‌ను కడిగితే నీళ్ళు ప్లగ్గులోకి పోయేవి. ఎన్ని కిక్కులు కొట్టినా దగ్గేదిగానీ అందుకునేది కాదు. అప్పుడు సారు దాన్ని ఒక పక్కకు వంచి, కొంతసేపు పట్టుకుని, మళ్ళీ లేపి కొట్టేవాడు. ఈ వంచే పని చూడటానికే మేము అరుగుమీద కూర్చునేవాళ్ళం. ప్లగ్గు విప్పి, గరుకుకాగితంతో రుద్ది, ఊది, బిగించడం మాకు దొరికిన ఏకైక ఉద్యోగం. ఇంకొక జాగ్రత్త కూడా అప్పుడే పట్టుబడింది. కడిగిన వెంటనే బ్రేకు పట్టదు. డ్రమ్ములోని తడి ఆరేదాకా, నాలుగుసార్లు మెల్లగా తొక్కి వదిలేదాకా, వేగం పెంచొద్దు.

నైట్ హాల్టు బస్సు మాత్రం అందరిదీ. రాత్రి చీకటిపడ్డాక అచ్చంపేట నుంచి వచ్చి ఊళ్ళో పడుకుని, తెల్లారి మొదటి ట్రిప్పుగా తిరిగిపోయే బస్సు. పొద్దున నాలుగున్నరకే డ్రైవరు లేచేవాడు. బోరింగు దగ్గరికి బకెటు పట్టుకుపోయే పని మాది. బోరింగు కొట్టేది ఇద్దరు, మోసేది ఇద్దరు. బస్సు మొత్తం కడగరు, అది డిపోలో జరిగేది. ముందు అద్దం, రెండు దీపాలు, పక్క అద్దాలు, ముందు నంబరు పలక, అంతే. అద్దానికి మొదట నీళ్ళు కొట్టి, తర్వాత పాత పేపరు ఉండచేసి రుద్దాలి. గుడ్డకంటే పేపరుకే అద్దం మరకలు లేకుండా తేలుతుంది. వానాకాలమైతే డ్రైవరు ఒక బీడీ చింపి తంబాకు తడిచేసి అద్దానికి పట్టించేవాడు. దాంతో నీళ్ళు చుక్కలుగా నిలబడకుండా పలచగా జారిపోతాయి. వైపర్లు పనిచేసే బస్సు మాకు పడటం అరుదు మరి.

నంబరు పలక తుడుస్తూ ఏఏజెడ్, ఏబీజెడ్ అని అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళం. అన్ని బస్సులకూ ఆ జెడ్ ఎందుకుంటుందని అడిగితే, నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు పెట్టించిండని చెప్పేవాళ్ళు డ్రైవర్లు. నిజాం రాజ్యంలో 1932లో 27 బస్సులతో మొదలైన సర్కారు రవాణాకు ఆర్టీసీ వారసురాలు కాబట్టి వాళ్ళు ఆ కథను గర్వంగా చెప్పేవాళ్ళు. పలక తుడిచినవాడికి డ్రైవరు సీటు వెనుక ఒంటిసీటు, మొల్గర దాకా. టికెట్టు లేదు. కండక్టరు చూసీ చూడనట్టు ఊదుబత్తులు వెలిగించి దేవుడి పటానికి గుచ్చేవాడు. బడి టైముకు నడుచుకుంటూ వెనక్కి రావాలి, అది వేరే సంగతి.

లారీ వస్తే పండగే. పాలమూరు లేబరును దూరదేశాల కట్టలకు, కాలువలకు మోసుకుపోయిన లారీలు అవి. మేస్త్రీ బాకీలిచ్చి, మూటాముల్లెతో మనుషులను ఎక్కించుకుని పోయేవాడు. నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టల్లో మావాళ్ళ చెమట ఉంది. ఆ లారీలు రాత్రి ఆగినప్పుడు డ్రైవరు పడుకునేవాడు, క్లీనరు పని మొదలయ్యేది. క్లీనరంటే పేరుకే కడిగేవాడు. టైర్లను రాడుతో కొట్టి చప్పుడునుబట్టి గాలి చెప్పాలి, మెట్టదారిలో లారీ ఆగగానే దూకి చక్రం వెనుక రాయి పెట్టాలి, ఇంజనాయిలు కొలపుల్ల చూడాలి, వంట చెయ్యాలి, డ్రైవరుకు నిద్ర రాకుండా మాట్లాడాలి, ఇన్ని చేశాక తెల్లవారుజామున లారీ కడగాలి. కడిగి, కిందిభాగమంతా డీజిల్‌లో పాత ఇంజనాయిలు కలిపి కొట్టేవాడు తుప్పు పట్టకుండా. మా వాడకట్టు నుంచి క్లీనర్లుగా పోయినవాళ్ళలో కొందరు స్టీరింగు పట్టారు. బకెటుతో మొదలై స్టీరింగు దాకా పోయే ఈ దారికి పరీక్షా లేదు, ఫీజూ లేదు. ఏళ్ళు పట్టేది, దెబ్బలూ పడేవి. ఇప్పుడు చాలా లారీల్లో క్లీనరు లేడు, డ్రైవరు ఒక్కడే పోతున్నాడు. ఆ దారీ మూసుకుపోయింది.

ట్రాక్టరు మమ్మల్ని మళ్ళీ వాగులోకి తీసుకుపోయింది. సైకిలు నేర్పిన నీళ్ళభయం దీనికి లేదు. మహీంద్రా, మాస్సీ, ఎస్కార్ట్ ఏదైనా సరే, దమ్ముచేసిన ఇనుపచక్రాలు విప్పి ట్రాలీలో వేసి, నేరుగా మడుగులోకి. గట్టిపడ్డ బురదను కర్రలతో కొట్టి రాల్చడం, టైరు గట్లమధ్య కాలివేళ్ళు దూర్చి మట్టి తీయడం, ఇంజను చల్లారేదాకా దానిమీద నీళ్ళు పడకుండా కాపలా. కాగిన ఇంజనుమీద చన్నీళ్ళు పడితే పగుళ్ళు వస్తాయని డ్రైవరు గట్టిగా చెప్పేవాడు. ఒకసారి ట్రాక్టరు కడిగినాక నీళ్ళమీద నూనె రంగులు తిరుగుతూ కిందికి పోవడం చూసి మా పెద్దవ్వ గొడవ పెట్టుకుంది. "ఎడ్లను కడిగిన నీళ్ళు మడిల పడితె ఎరువు. గీ నీళ్ళు పడితె ఏం మొలుస్తది రా?" అంది. మేము నవ్వాం. ఆమె వెంటనే ఇంకో మాట కలిపింది, ఇక్కడ రాయను.

తర్వాత అదే ట్రాక్టరు కడుక్కోవడానికి కాక తవ్వుకోవడానికి వాగులో దిగింది. హైదరాబాద్ పెరుగుతున్న కొద్దీ ఇసుకకు ధర పెరిగింది. దుందుభి ఇసుక సన్నది, ఇంటిపనికి మంచిది. నీళ్ళు, భూమి, చెట్లను కాపాడటానికి వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. అయినా రాత్రిళ్ళు దీపాలార్పి పోయే ట్రాలీల చప్పుడు మా వాగుపొడుగునా ఎవరికీ కొత్త కాదు. ఇసుక పోయినచోట నీళ్ళు నిలవవు. వానకాలంలో ఇసుక నీటిని తాగి దాచుకుంటుంది, ఎండకాలంలో చెలిమెకు ఊటగా ఇస్తుంది. అది పోయాక అడుగున బండ తేలింది, సర్కారుతుమ్మ మొలిచింది. చుట్టుపక్కల బోర్లు లోతుకు పోయాయి. బండ్లు కడిగే చోటు ఏదో, చెలిమెల చోటు ఏదో ఇప్పుడు నాకే ఆనవాలు దొరకదు. వాడకట్టు కడుగుడు తెగిపోవడానికి టీవీ, చదువులు, పట్నం అని చాలామంది చాలా కారణాలు చెప్తారు. నాకు మాత్రం మొదటి కారణం ఇదే. కడగడానికి అందరం కలిసే నీళ్ళు లేకుండా పోయాయి. నీళ్ళు ఎవరింటి బోరులో వాళ్ళవి అయినప్పుడు, బండి కడగడం కూడా ఎవరి గేటు లోపల వాళ్ళది అయింది.

బోరునీళ్ళతో ఇంకో తంటా. ఆ నీళ్ళలో సున్నం ఎక్కువ. హీరోహోండా నల్లటి ట్యాంకుమీద పోసి ఎండలో వదిలితే, నీటిచుక్క ఎక్కడెక్కడ ఆరిందో అక్కడక్కడ తెల్లటి మచ్చ నిలిచిపోయేది. అందుకని నీడకు తెచ్చి కడిగి, ఆరకముందే తుడవాలి. మచ్చ పడ్డాక నిమ్మచెక్కతో మెల్లగా రుద్ది వెంటనే మంచినీళ్ళతో కడిగేవాళ్ళు. వాగునీటితో కడిగినన్నాళ్ళు ఆ బాధే తెలియదు.

దసరా ఒక్కటి నిలిచింది. ఆ రోజు పొద్దున ఉప్పునుంతలలో ఇప్పటికీ ఏ గల్లీకి పోయినా నేల తడిగానే ఉంటుంది. నాగలి, కొడవలి, కుట్టుమిషను, తక్కెడ, బైకు, ఆటో, ట్రాక్టరు, కారు అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాలకింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు, గుమ్మడికాయ కొడతారు. 2016లో దసరా అక్టోబర్ 11న పడింది. రాష్ట్రమంతా కొత్త జిల్లాలు మొదలైంది ఆ రోజే, మేము మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి మారింది ఆ రోజే. బండికి పూజ చేస్తూనే జనం నంబరు పలక మారుతుందా మారదా అని వాదులాడుకున్నారు. అమెరికాలో ఉన్న మా చుట్టాలబ్బాయి ఆ ఏడు తన కొత్త కారు ఫొటో పంపాడు. గుడి పార్కింగులో బానెట్ మీద స్వస్తిక్, టైరుకింద నిమ్మకాయ. కారును ఎవరు కడిగారని అడిగితే, లోపల కూర్చుంటే బ్రష్షులే వచ్చి కడిగి, గాలి కొట్టి ఆరబెడతాయని చెప్పాడు. నాలుగు నిమిషాలట.

మిగతా రోజుల్లో మా దగ్గరా వాటర్ సర్వీసింగే. రోడ్డు పక్కన ఇనుప ర్యాంపు, కంప్రెసరు, నురుగు చిమ్మే గన్ను. బైకు ఎక్కించి, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఫోను చూసుకుంటూ కూర్చుంటే పని అయిపోతుంది. శుభ్రంగానే చేస్తారు. మేము పుల్లలతో గంటసేపు గీకిన మట్టిని ఆ గన్ను ఒక్క ఊపులో ఊడగొడుతుంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. గన్ను పట్టిన కుర్రవాడు మాత్రం ఆ బండిని నడిపి చూడడు, ర్యాంపు దింపి తాళం యజమానికి ఇచ్చేస్తాడు.

మా చిన్నాయిన కొడుకు ఒకడు హైదరాబాద్‌లో అపార్టుమెంటు వాచ్‌మన్‌గా ఉన్నాడు. పాలమూరు నుంచి పట్నం పోయిన కుటుంబాలు ఎన్నో ఇదే పనిలో ఉన్నాయి. భర్త వాచ్‌మన్, భార్య రెండిళ్ళలో పని, తెల్లవారుజామున ఇద్దరూ కలిసి సెల్లారులో కార్లు తుడవడం. నెలకు కారుకు ఇంతని. పొద్దున ఐదుకు మొదలుపెడితే ఆఫీసులకు కదిలేలోపల అన్నీ అయిపోవాలి. పైపు వాడనివ్వరు. 2024 మార్చిలో బెంగళూరు నీళ్ళబోర్డు తాగునీటితో బండ్లు కడిగితే 5,000 రూపాయల జుర్మానా అన్నాక ఇక్కడి సొసైటీవాళ్ళూ బకెటే అన్నారు. ఒక బకెటులో రెండు కార్లు. ముందు పొడిగుడ్డ, తర్వాత తడిగుడ్డ, అద్దానికి వేరే గుడ్డ. ఆ వరస ఎవరు నేర్పారని అడిగితే, "నువ్వే గదనె అన్న, సైకిల్ దుకాణంల. మర్శినవా?" అన్నాడు.

మట్టి చదవడం కూడా వాడు మర్చిపోలేదు. ఏ కారు ఎటు పోయి వచ్చిందో బంపరు చూసి చెప్తాడు. ముందుభాగమంతా పురుగులు అతుక్కుని ఉంటే రాత్రిపూట నల్లమల దాటి శ్రీశైలం పోయొచ్చినట్టట. తెల్లటి సన్నదుమ్మైతే ఎక్కడో ఇల్లు కడుతున్నట్టట. మొన్న ఒక కారు చక్రాల మీది రేకుల్లోపల ఎర్రమట్టి గట్టిగా పట్టి ఉంటే, దిగివచ్చిన సారును అడిగాడట:

"మా దిక్కు పోయొచ్చిండ్రా సార్?"

కల్వకుర్తి దాటినాక లోపలికి ఒకచోట నాలుగెకరాలు తీసుకున్నామని సారు చెప్పాడు. వానపడితే కారు దిగబడుతోందట, వేరే దారి ఏదైనా ఉందా అని అడిగాడు. మావాడు తుడుస్తూనే ఏ ఊరి దగ్గర రోడ్డు దిగాలో, ఏ ఒర్రె దాటొద్దో, ఎక్కడినుంచి మొరం బాట ఉందో వివరంగా చెప్పి పంపాడు.

"ఆడ గడ్డ ఎవర్ది కొన్నడో అడగలేదారా?" అన్నాను.

"అడిగిన. మనోల్లదే" అన్నాడు, ఇంకో కారు మీది కవరు లాగుతూ.